మా ఇంటి హెచ్.ఎం.టి. ట్రాక్టరు



ఈ ప్రత్యేక సంచికకు మీకు తెలిసిన చరిత్ర ఏదైనా రాయండి అని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంత సంకోచించాను. ముప్పై ఆరేళ్ళ పాటు తాలూకా ఆఫీసుల్లోనూ, తరువాత మండల ఆఫీసుల్లోనూ ఇతరుల భూముల వివరాలు రాసినవాణ్ణే తప్ప నేను చరిత్రకారుణ్ణి కాను. సంఘం పోరాటాల గురించి, వేతన సవరణల గురించి రాయడానికి నాకంటె అర్హులు మనలో చాలామంది ఉన్నారు. ఆలోచించగా, మొదటి నుంచి నేటిదాకా నాకు స్వయంగా తెలిసిన చరిత్ర ఒక్కటే కనిపించింది. అది మా ఇంటి ట్రాక్టరు చరిత్ర. 1975లో కొన్న ఆ బండి ఇప్పటికీ మా ఊళ్ళో ఉంది. 2024 సంక్రాంతికి పాత ఇనుము కింద పోవలసింది, తృటిలో తప్పింది. ఎలా తప్పిందో, అందులో నా పాత్ర ఏమిటో దాచకుండా రాస్తున్నాను. ట్రాక్టరు సంగతి మనకెందుకని పేజీ తిప్పవద్దని మనవి. మనలో సగంమందిమి నాగలి పట్టిన ఇళ్ళ నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్ళమే గదా.

ఎడ్ల నుంచి ట్రాక్టరుకు

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఆచంటకు దగ్గరి పల్లెటూరు. నేను 1951లో పుట్టాను. నా చిన్నతనంలో మాకు రెండు జతల ఎడ్లు ఉండేవి. దమ్ము రోజుల్లో తెల్లవారుజామున కట్టిన ఎడ్లను ఎండెక్కాక విప్పేవారు. పట్నంలో పెరిగిన మన మనవల కోసం చెబుతున్నాను, దమ్ము అంటే చేలో నీరు పెట్టి, మట్టిని మెత్తటి బురదగా చేసి నాట్లకు సిద్ధం చేయడం. ఒక జత ఎడ్లతో రోజుకు ఎకరం దున్నితే గొప్ప. ఒకసారి దున్నితే చాలదు, రెండు మూడు సార్లు తిరగెయ్యాలి. అయితే అప్పట్లో అంత తొందరా లేదు. సార్వా వరి అయిదారు నెలల పంట. అది ఇంటికి చేరితే ఆ ఏటికి పెద్ద పని అయిపోయినట్టే.

ఆ నిదానానికి స్వస్తి చెప్పింది ఐ.ఆర్.8 వరి. ఫిలిప్పీన్స్ దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన పొట్టి రకం ఇది. మా ఆచంట రైతు శ్రీ నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దీనిని పండించి చూపించారు. దరిమిలా ఆయనను "మిస్టర్ ఐ.ఆర్.8" అనే పిలిచేవారు. అప్పుడు నేను హైస్కూలు దాటుతున్నాను. మా నాన్నగారు సైకిలు మీద వెళ్ళి ఆ చేలు చూసి వచ్చి, రాత్రి భోజనాల దగ్గర కూడా అదే మాట్లాడారు. పైరు మోకాలు దాటి ఎంతో పెరగలేదు, కంకి మాత్రం బరువుకు వంగిపోతోంది అన్నారు. ఆ రకానికి సుమారు నాలుగు నెలల పది రోజులు చాలు. అంటే సార్వా కోసి, దాళ్వా కూడా అదే చేలో నిశ్చింతగా వేసుకోవచ్చు. కాని రెండు పంటల మధ్య దొరికే రోజులు తక్కువ. కాలువ నీరు ఆపే లోపల రెండో పంట చేతికి రావాలి. ఆ కొద్ది రోజుల్లో పొలమంతా దమ్ము చేయడం ఎడ్ల వల్ల అయ్యేది కాదు. మా ప్రాంతానికి ట్రాక్టరు రావడానికి హోదా కంటె ఈ రోజుల లెక్కే అసలు కారణమని నా అభిప్రాయం.

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ కూడా సరిగ్గా ఆ ముందు కాలంలోనే మొదలైంది. 1959 ఏప్రిల్‌లో ఫరీదాబాదులోని ఐషర్ ఫ్యాక్టరీ నుంచి మొదటి ట్రాక్టరు బయటికి వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ ఏర్పడి మాస్సే ఫెర్గూసన్ బండ్లు తయారు చేయసాగింది. 1963లో మహీంద్రా వారు అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిశారు. మన ఇంజనీర్లు దుర్గాపూర్ పరిశోధనా సంస్థలో స్వయంగా రూపొందించిన స్వరాజ్ 1974లో పంజాబులో తయారయింది. ఇవి చాలనందున రష్యా, చెకొస్లొవేకియా, రుమేనియా వంటి దేశాల నుంచి కూడా బండ్లు దిగుమతి చేసేవారు.

చెకొస్లొవేకియాలో బ్ర్నో అనే పట్టణం ఉంది. అక్కడ ఒక పెద్ద ఆయుధాల కర్మాగారం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన బ్రెన్ గన్ పేరులో మొదటి సగం ఈ బ్ర్నో ఊరిదే, రెండో సగం ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డుది. యుద్ధం ముగియగానే ఆ కర్మాగారం వారు ట్రాక్టర్లకు దిగి, 1946లో జెటోర్ అనే బండిని అమ్మకానికి తెచ్చారు. వారి గుర్తు అయిన జెడ్ అక్షరాన్ని అక్కడ "జెట్" అంటారు. దానికి ట్రాక్టర్ అనే మాట చివరి భాగాన్ని అతికించి ఆ పేరు పెట్టారు.

ఆ జెటోర్ నమూనానే మన హెచ్.ఎం.టి. వారు తీసుకున్నారు. హెచ్.ఎం.టి. అనగానే మనకు గడియారమే గుర్తుకు వస్తుంది. 1953లో బెంగుళూరులో యంత్ర పరికరాల తయారీకి కేంద్ర ప్రభుత్వం స్థాపించిన సంస్థ అది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో గడియారాలు మొదలుపెట్టింది. 1971లో హర్యానాలోని పింజోరులో 25 హార్స్ పవర్ ట్రాక్టరు తయారీ చేపట్టింది. ఆ పేరు మీద జనానికి ఎంత నమ్మకమంటే, మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే తాను ఎంపిక చేసిన సన్నరకం వరికి ఆ గడియారం పేరే పెట్టాడు. ఈనాడు మనం బజారులో కొనే హెచ్.ఎం.టి. బియ్యం పేరు అలా వచ్చిందే.

ఇంటికి వచ్చిన రోజు

నేను 1973లో ఎల్.డి.సి.గా ఉద్యోగంలో చేరాను. 1975లో నాన్నగారు పొలం తనఖా పెట్టి అప్పు తీసుకుని ట్రాక్టరు కొనాలని నిశ్చయించారు. నాకు చేతనైన సాయం దరఖాస్తులు పూర్తిచేసి, కావలసిన నకళ్ళు తీసి పెట్టడమే. మా పెద్దలు చాలామంది వద్దన్నారు. పొలం పెట్టి ఇనుము కొంటావా అని మా మేనమామ గారు నిలదీశారు. నాన్నగారు తన చేతి గడియారం చూపించి, "ఇంత చిన్న చక్రాలను సరిగ్గా తిప్పగలిగినవాళ్ళు ఆ పెద్ద చక్రాలను తిప్పలేరా బావా?" అన్నారు. ఆ గడియారమూ హెచ్.ఎం.టి.దే.

హెచ్.ఎం.టి. 2511, రెండు సిలిండర్ల బండి. దాని వెనుక ఇనుప దమ్ము చక్రాలు. మొదటి దాళ్వాకే మా చేను, మా దాయాదుల చేలు దమ్ము చేసింది. అప్పు తీరేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో నా ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి. పెళ్ళికొడుకుల విడిదికి సామాను చేరవేసిందీ ఆ ట్రాక్టరే. ఎడ్లు అమ్మిన రోజున మాత్రం నాన్నగారు ఇంట్లో అన్నం తినలేదు.

నాన్నగారికి ఒక అలవాటు. ట్రాక్టరుకు ఏ పని చేయించినా ఒక లెక్కల పుస్తకంలో తారీఖు వేసి రాసేవారు. లక్షణం, కారణం, చేసిన పని, ఖర్చు, ఇలా నాలుగు గడులు. మన సర్వీసు రిజిస్టరు లాంటిదే. 2004లో ఆయన పోయేదాకా రాశారు. తరువాత అన్నయ్య అక్కడక్కడ రాశాడు. అన్నయ్య కూడా 2015లో కాలం చేశాడు. అప్పటి నుంచి ఆ గడులు ఖాళీ.

ఆ పుస్తకంలో 1986 ఆగస్టు పుట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ నెల 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఏటిగట్టు లోపల మా కొబ్బరితోట పాకలో ట్రాక్టరు ఉండిపోయింది. నీరు తీసేసరికి అది రెండు రోజులు మునిగి ఉంది. ఒక కుర్రాడు వెంటనే సెల్ఫ్ కొట్టబోతే నాన్నగారు చేయి పట్టుకుని ఆపారు. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండరులో నీరుండగా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయన ముందు నాజిళ్ళు విప్పించి, ఇంజనును చేత్తో తిప్పించి నీరు బయటికి చిమ్మించారు. ఇంజను ఆయిలు, గేరుపెట్టె ఆయిలు, ట్యాంకులో డీజిలు పూర్తిగా తీసేయించారు. కొత్త ఆయిలు పోసి కొద్దిసేపు నడిపి, అది కూడా తీసేసి మళ్ళీ పోయించారు. వారం రోజుల్లో ట్రాక్టరు కదిలింది. పుస్తకంలో మాత్రం క్లుప్తంగా "వరద. నీరు తీసితిమి. నడిచినది" అని ఉంటుంది.

ఆగిపోవడం

ఇక అసలు విషయానికి వస్తాను. ఇప్పుడు వ్యవసాయం చూసేది అన్నయ్య కొడుకు. వాడికి పెద్ద ట్రాక్టరు లేదు, దున్నకాలు అద్దె బండితో చేయిస్తాడు. చిన్న చేలలో దమ్ముకు, ధాన్యం తోలడానికి మాత్రం ఈ పాత బండే. 2023 డిసెంబరు ఆఖరు వారంలో దాళ్వా దమ్ముకు దింపితే, పావుగంట నడిచి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ స్టార్టు అయింది. మళ్ళీ పావుగంటకు ఆగింది. రోజంతా ఇదే వరుస.

డీజిలు ఫిల్టర్లు మార్పించాడు, తగ్గలేదు. పైపుల దగ్గర రాగి వాషర్లు మార్పించాడు, తగ్గలేదు. పంపు, నాజిళ్ళు ఊడదీయించి పట్నంలో పంపు షాపుకు తీసుకువెళ్ళి సరిచేయించాడు. ఆ ఖర్చు పెద్దదే. తెచ్చి బిగిస్తే మళ్ళీ అదే కథ. చివరికి ఒక మేస్త్రి, ఇంజను బోరుకు వచ్చింది, లైనర్లు పిస్టన్లు మార్చాలి అన్నాడు. ఆ అంచనా వింటే పాత బండి ఖరీదు కంటె ఎక్కువ. నాట్లు వెనకబడుతున్నాయని మావాడు అద్దె ట్రాక్టరుతో దమ్ము ముగించి, దీన్ని పాత ఇనుము వ్యాపారికి బేరం పెట్టాడు. కనుమ వెళ్ళిన మర్నాడు లారీ వస్తుందని మాట్లాడుకున్నారు.

నేను భోగికి ఊరు వెళ్ళినప్పుడు ఈ సంగతి తెలిసింది. "ఏం చెయ్యను బాబాయ్, తాతయ్య బండి అని నాకు మాత్రం లేదా? సంపాదించేదానికంటె తినేదే ఎక్కువైంది" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. ఉద్యోగం పేరుతో ఊరు వదిలినవాణ్ణి, వాడి ఖర్చుల్లో పైసా పంచుకోనివాణ్ణి, వద్దనే హక్కు నాకెక్కడిది? అయినా ఒక్క రోజు నాకు వదిలెయ్యమని అడిగాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు గదా, ఎలాగూ ఎక్కడికీ వెళ్ళేది లేదు.

విచారణ

నేను మెకానిక్కును కాను. కాని ఫైలు ఎక్కడ ఆగిందో పట్టుకోవడం నా వృత్తి. అర్జీ ఇచ్చిన రైతుకు జవాబు రాకపోతే మనమేం చేస్తాం? తపాలా రిజిస్టరు దగ్గర మొదలుపెట్టి, ఏ సెక్షనుకు వెళ్ళింది, ఎవరి బల్ల మీద ఉంది, సంతకం అయిందా, డిస్పాచి అయిందా అని ఒక్కొక్క బల్లే చూసుకుంటూ పోతాం. డీజిలు కూడా అలా బల్లలు దాటి వెళ్ళేదే. ట్యాంకు, కుళాయి, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, పెద్ద పంపు, సన్నని ఉక్కు పైపులు, నాజిళ్ళు. ఆఖరి సంతకం నాజిలుది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన కిటుకు ఇది. గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కితే అయిదువందల డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నూనెను తుంపరగా చిమ్మితే అదే మండుతుంది. 1900 పారిస్ ప్రదర్శనలో అటువంటి ఇంజనొకటి వేరుశనగ నూనెతో నడిచింది. కాబట్టి ఇంజను నడవాలంటే గాలి, ఆ గాలిని నొక్కే బిగువు, వేళకు నూనె, ఈ మూడూ ఉండాలి. ఆగిందంటే ఈ మూడింటిలో ఏదో తగ్గినట్టు.

ముందు కాగితం తీసుకుని మావాణ్ణి వాంగ్మూలం అడిగాను. టక్కున ఆగుతుందా, నీరసించి ఆగుతుందా? "నీరసించే. ఊపిరి అందనట్టు గుక్కలు పెట్టి ఆగుతుంది." పొగ ఎలా ఉంది? నల్లగా వస్తే గాలి చాలడం లేదని, నీలంగా వస్తే ఇంజను ఆయిలు కాలుతోందని, తెల్లగా వస్తే నూనె సరిగ్గా మండడం లేదనో నీరు చేరిందనో నాన్నగారి పుస్తకం అట్ట లోపల రాసి ఉంది. "ఏ రంగూ లేదు, ఆగేముందు అసలు పొగే తగ్గిపోతుంది." ఈ మాటతో ఇంజనుకు నూనె అందడం లేదని నాకు అర్థమైంది.

మరి బోరుకు వచ్చిందన్న మాట? ఆ జనవరి చలిలో పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. నొక్కుడు బిగువు పోయిన ఇంజను చలిలో అంత సులువుగా అందుకోదు. నడుస్తుండగా ఇంజను ఆయిలు పోసే మూత తీసి చూశాము. రింగులు అరిగితే అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ తన్నాలి. అదేమీ లేదు. ఇంజను గుండె గట్టిగానే ఉందన్నమాట. లక్ష తప్పులున్నా లైనర్ల తప్పు మాత్రం కాదని అక్కడే రాసుకున్నాను.

తరువాత అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు నన్ను తికమక పెట్టింది. ఎప్పుడు త్వరగా ఆగుతుంది? "అదే వింత బాబాయ్. ట్యాంకు నిండా పోస్తే పావుగంటకే ఆగుతుంది. సగం ఉంటే గంటకు పైగా నడుస్తుంది." నూనె తక్కువైతే ఆగాలి గాని ఎక్కువైతే ఆగడమేమిటి? ఫిల్టరు పూడిపోయినా, పైపు గాలి పీల్చినా ఇలా ఉండదు. ఆగాక ఏం చేస్తావు అని అడిగాను. "ఏముంది, దిగి, ట్యాంకు మూత తీసి నూనె చూస్తాను. మూత పెట్టి చేతి పంపు నాలుగు దెబ్బలు కొట్టి, కాస్త చల్లారాక స్టార్టు చేస్తాను." వాడూ, మేస్త్రులూ కూడా చల్లారడం వల్లే మళ్ళీ నడుస్తోందనుకున్నారు.

ఆ మధ్యాహ్నం అందరూ గారెలు, కోడికూర తిని పడుకుంటే నేను అరుగు మీద కూర్చుని నాన్నగారి పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. 1983 జూలైలో ఒక పద్దు కనిపించింది. "నడుచుచు ఆగుచున్నది. అరపూట వెతికితిమి. ట్యాంకు మూత కన్నములో కందిరీగ మట్టి పెట్టినది. సూదితో తీయగా నడిచినది. ఖర్చు లేదు."

అది చదివి నా చేయి పుట మీదే ఆగిపోయింది. ఎందుకంటే ఆ మూత కన్నం సంగతి నాకు బాగా తెలుసు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. ఆ రోజుల్లో నేను ఊళ్ళోనే ఉన్నాను. మకాంలో తడవకుండా ధాన్యం బస్తాలు పెట్టి ట్రాక్టరును బయట వదిలేశారు. వానలో ట్యాంకు మూత మీద చిన్న కన్నం చూశాను. ఇందులోంచి నీరు దిగి డీజిలు పాడవుతుంది, ఈ కుర్రాళ్ళకు పట్టదు అనుకుని, తుడిచి, ఎమ్‌సీల్ ముద్ద పెట్టి శ్రద్ధగా మూసేశాను. చాలదని మూత లోపల కొత్త రబ్బరు వాషరు కూడా వేశాను. మంచి పని చేశానని ఎవరికీ చెప్పలేదు.

ఆ కన్నం నీరు పోవడానికి పెట్టింది కాదు, గాలి రావడానికి పెట్టింది. ట్యాంకులోంచి నూనె బయటికి వెళ్ళినంత మేర గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల వెలితి ఏర్పడి నూనెను వెనక్కి లాగుతుంది. ఫీడ్ పంపు ఎంత పీల్చినా రాదు. కొబ్బరి బొండానికి ఒక్కటే కన్నం పొడిచి వంచితే నీళ్ళు ఎలా ధారగా రావో ఇదీ అంతే. నిండు ట్యాంకులో పైన ఉండే గాలి కొంచెమే కాబట్టి కాస్త నూనె వెళ్ళగానే వెలితి బలంగా ఏర్పడుతుంది. సగం ట్యాంకులో గాలి ఎక్కువ గనుక ఆలస్యమవుతుంది. మావాడు ప్రతిసారీ మూత తీసి చూడడమే వైద్యం. చల్లారడం కాదు.

అనుకోవడం వేరు, రుజువు వేరు. సాయంత్రం ట్యాంకు నిండా డీజిలు పోయించి, మూత అలాగే బిగించి, ఖాళీ చేలో తిప్పమన్నాను. పదిహేడు నిమిషాలకు గుక్కలు పెట్టి ఆగింది. ఎవరినీ ఏదీ ముట్టుకోనివ్వలేదు. నేనే వెళ్ళి మూత వదులు చేశాను. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు గట్టు మీద ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. చేతి పంపు కొట్టి, చల్లారకుండానే స్టార్టు చేస్తే అందుకుంది. మూత తీసి, కాల్చిన సూదితో ముద్ద తొలిచి కన్నం తెరిచాము. మళ్ళీ నిండు ట్యాంకుతో చీకటి పడేదాకా, రెండు గంటలు ఆగకుండా నడిచింది.

అందరూ నన్ను మెచ్చుకుంటూ ఉంటే మింగుడు పడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కాని విచారణాధికారి బల్ల మీదే ఫైలు దొరికినప్పుడు ఆ మాట రిపోర్టులో రాయకుండా ఉండలేము గదా. రాత్రి భోజనాల దగ్గర ఆ కన్నం మూసింది నేనే అని చెప్పాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. వాడి భార్య, పాపం, పంపు షాపులో పోసిన డబ్బు తన గాజుల మీద తెచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. తరువాత మావాడే పకపకా నవ్వి, "బాబాయ్, సర్వీసులో ఎంతమంది ఫైళ్ళు ఇలా శ్రద్ధగా మూసేశావో!" అన్నాడు. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంచికే అనుకుని, అడగకుండా, చెప్పకుండా చేసిన పనులు ఉద్యోగంలో ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి.

మర్నాడు లారీ వస్తే తిప్పి పంపాము. గాజుల అప్పు నా పెన్షనులోంచి తీరుస్తానన్నాను. మావాడు వద్దన్నాడు, వాడి భార్య మాత్రం వద్దనలేదు. నాలుగు నెలల్లో తీర్చాను.

మిగిలిన మాట

ట్రాక్టరు చిరంజీవి అని నేననను. గడియారాల విభాగం మూసివేతకు, ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కూడా కేంద్ర ప్రభుత్వం 2016లోనే ఆమోదం తెలిపింది. పింజోరులో ఇక కొత్త బండి రాదు. మనలాగే ఆ ఫ్యాక్టరీ కూడా రిటైరయింది, అది చేసిన బండి మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది. విడి భాగాల కోసం పాత బండ్లు విప్పే షాపులు వెతకాలి. ఎప్పుడో ఒక రోజు లారీ మళ్ళీ వస్తుంది. ఆ రోజు అది నిజంగా అరిగిపోయి వెళ్ళాలి గాని, మూసుకుపోయిన ఒక చిన్న కన్నం వల్ల కాదు.

మన సంఘ సభ్యులకు నా అనుభవం మీద రెండు మనవులు. ఇంట్లో యంత్రం ఏదైనా సరే, ట్రాక్టరు గాని, నీళ్ళ మోటారు గాని, ఆగినప్పుడు ఖరీదైన వస్తువు మార్చే ముందు ఖర్చు లేని వాటిని మొదటి నుంచి ఒక్కొక్కటే చూడండి. ఒకేసారి నాలుగు మార్చితే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. రెండవది, మీకు తెలిసింది రాసి పెట్టండి. నలభై ఏళ్ళ నాడు నాన్నగారు రాసిన మూడు ముక్కలు లేకపోతే, నేను చేసిన తప్పు నాకే గుర్తుకు వచ్చేది కాదు.

ఖాళీగా ఉన్న గడుల్లో నేను 2024 జనవరి 16 తారీఖు వేసి ఇలా రాశాను. "లక్షణం: నడుస్తూ ఆగుట. కారణం: మూత కన్నం మూసివేత, చేసినవాడు చిన్న కొడుకు. చేసిన పని: కన్నం తెరుచుట. ఖర్చు: పంపు షాపు రశీదు జతపరచడమైనది." కింద సంతకం చేసి పుస్తకం మావాడికి అప్పగించాను. తరువాతి పద్దు వాడి చేతిరాతలో ఉంది.